అవతలి గొంతు

పోయిన వారం చిక్కడపల్లి మార్కెట్లో బెండకాయలు ఏరుకుంటుంటే నా వెనక నుంచి ఒక మాట వినిపించింది. "ముందుగాల అవతలాయన మాట చెప్పు. నీ మాట తర్వాత." చేతిలో బెండకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ మాట ఎవరిదో నాకు తెలుసు. అనే మనిషి పోయి చాలా నెలలైంది.

తిరిగి చూస్తే ఇద్దరమ్మాయిలు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి సర్కారు నౌకరీలకు చదువుకునే పిల్లలని చూస్తేనే తెలుస్తోంది. వీపున సంచులు, చేతిలో అరటిపళ్లు. ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

"ఆ మాట ఎవరు నేర్పిన్రు బిడ్డా?" అని అడిగాను.

"మా రూముల అందరం గట్లనే అంటం ఆంటీ. ఎవరు మొదలువెట్టిన్రో తెల్వది" అంది అందులో ఒకమ్మాయి. ఆ పిల్ల గొంతు సన్నగా, కొంచెం ముక్కుతో వస్తోంది. నేను విన్నది ఆ గొంతు కాదు. నేను విన్నది మగ గొంతు.

వయసు మీద పడి ఈమెకు చెవుల్లో ఏదో మోగుతోందని మీరు అనుకునే ముందే ఒక సంగతి చెప్తాను. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోనే చేశాను. మొహాలు మరిచిపోతాను. పక్కింటావిడ కొత్త చీర కట్టుకొస్తే గుర్తుపట్టను. గొంతు దగ్గర మాత్రం నన్ను మోసం చేయడం ఎవరి తరం కాదు. "హలో"కు ముందు పీల్చే ఊపిరిని బట్టి లైన్లో ఎవరున్నారో చెప్పేదాన్ని.

ఆ మనిషి పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే పిలిచినట్టుంటుంది. పిలిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను, చాలు. నేను ఆయన్ని "అన్నా" అనేదాన్ని, ఇక్కడా అన్న అనే రాస్తాను. చుట్టరికం ఏమీ లేదు. మా ఆయన్ని ఆయన "బావా" అని పిలిచేవారు కాబట్టి నేను చెల్లెలినయ్యాను, వాళ్లావిడ నాకు వదినైంది.

పొట్టి మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, భుజం మీద మడతపెట్టిన తువ్వాలు, నల్ల ఫ్రేము కళ్లద్దాలు. నారాయణగూడలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. సాయంత్రం కాగానే అశోక్‌నగర్‌లో ఇంటి నుంచి చిక్కడపల్లిలో మా ఇంటికి నడిచొచ్చేవారు. ఆటో ఎక్కమంటే, "గింత దూరానికి ఆటోనా, కాళ్లకు కోపమొస్తది చెల్లె" అనేవారు. చాయ్‌లో చక్కెర ఎక్కువైందని రోజూ సణిగి, అడుగున మిగిలిన చక్కెరను చెంచాతో తీసుకుని తినేవారు. ఆ సణుగుడు లేకపోతే నాకూ తోచేది కాదు.

మా ఇంటికి కాలింగ్ బెల్ ఉంది. అన్న ఒక్కనాడూ నొక్కలేదు. గేటు బయట నిలబడి "బావా" అని పిలిచేవారు. లోపలి నుంచి ఎవరో ఒకరు "ఆఁ" అనాలి. అనే దాకా గడియ మీద చెయ్యి వేసేవారు కాదు. మా ఆయనకు చెవులు కొంచెం మందం. కాబట్టి ఆ పలకడం ఎప్పుడూ నాదే. వంటింట్లోంచి "ఆఁ, రాండ్రన్నా" అనేదాన్ని. అప్పుడు గేటు గడియ చప్పుడయ్యేది. అది మాత్రం ఎలా వినబడేదో, వినగానే మా ఆయన ముందుగదిలో కిటికీ పక్కనున్న కుర్చీని కొంచెం ముందుకు జరిపేవారు. జరపకపోతే కిటికీ రెక్క తలకు తగులుతుంది. అది అన్న కుర్చీ.

ఒకసారి నేను మిక్సీలో పచ్చడి వేస్తుండగా వచ్చి పిలిచారట. నాకు వినబడలేదు. మిక్సీ ఆపి బయటికి వస్తే, వానలో తడుస్తూ గేటు బయట నిలబడి ఉన్నారు.

"గేటుకు తాళం లేదు కదన్నా, తీసుకొని రావద్దా?" అన్నాను.

"పలకలే కదా చెల్లె."

"పలకకుంటే గట్లనే నిలబడ్తరా?"

"బెల్లు ఎవడన్న కొడ్తడు. పిలిస్తే పలికే ఇల్లు వేరే ఉంటది" అన్నారు నీళ్లు కారుతున్న తువ్వాలు పిండుకుంటూ. మంచి చాదస్తపు మనిషే దొరికాడు మా ఆయనకు అనుకున్నాను. ఆ మర్నాటి నుంచి ఆ వేళకు మిక్సీ ఆపేసి కూర్చునేదాన్ని. అదీ నా ఖర్మ.

మా ముందుగదిలో ముగ్గురు కూర్చునేవారు. అన్న, మా ఆయన, మా మేడ మీద కిరాయికి ఉండే శంకరయ్య గారు. ముగ్గురూ పాతకాలపు మనుషులే. పొద్దున్నే సంధ్యావందనం, అప్పు అంటే అసహ్యం, దేశం మాటొస్తే వెన్ను నిటారు. ముగ్గురిదీ ఎప్పుడూ ఒకే పార్టీ, ఒకే ఓటు. అయినా వాదన లేని సాయంత్రం ఉండేది కాదు. ఆ వాదనకు అన్న పెట్టిన నియమం ఒకటుంది. వాళ్ల నాన్న శాస్త్రం చదువుకున్న పండితుడు. శాస్త్రంలో ఎదుటివాడి వాదాన్ని ముందు తానే చెప్పాలట. దాన్ని పూర్వపక్షం అంటారు. "అవును, నేనన్నది ఇదే" అని ఎదుటివాడు ఒప్పుకునేంత బాగా చెప్పాలి. ఆ తర్వాతే తన మాట, అంటే సిద్ధాంతం. ఇది చేయకుండా మా ఇంట్లో ఎవరు నోరు తెరిచినా, "ముందుగాల అవతలాయన మాట చెప్పు" అని అన్న చెయ్యి అడ్డం పెట్టేవారు.

శంకరయ్య గారు పూర్వపక్షం ఏదో పాఠం అప్పజెప్పినట్టు ముగించేవారు. మా ఆయనైతే రెండు ముక్కలు చెప్పి "కాని" అంటూ తన మాటలోకి దూకేసేవారు. అన్న అలా కాదు. కళ్లద్దాలు తీసి చాయ్ కప్పు పక్కన పెట్టేవారు. అద్దాలు తీస్తే మాట్లాడేది అవతలి మనిషి. పెట్టుకుంటే తాను. అద్దాలు లేని ఆ కాసేపు ఆయన నోట్లోంచి అవతలి మనిషి గొంతే వచ్చేది. ఎగతాళి కాదు, మిమిక్రీ కాదు. ఎలా చెప్పాలో నాకు తెలియదు. జరిగింది చెప్తాను.

ఒక సాయంత్రం మా ఆయన మామిడిపండు తిని వంటింట్లోకి వచ్చారు. నా పక్కనే నిలబడి చేతులు కడుక్కుంటున్నారు. ముందుగదిలోంచి మా ఆయన మాటలు వినబడుతున్నాయి. "చూడుండ్రి, సాఫ్ సీదా మాట" అంటున్నారు అక్కడ. అది మా ఆయన ఊతపదం. పెద్ద మాట అనేముందు మా ఆయన ముక్కుతో ఒక్కసారి గట్టిగా గాలి పీలుస్తారు. అది కూడా వినబడింది. నేను పక్కకు చూశాను. మా ఆయన నోరు మూసుకునే ఉంది. చేతుల మీద నీళ్లు పడుతూనే ఉన్నాయి.

"నేను ఈడున్న కదా" అన్నారు, నన్ను అడుగుతున్నట్టు.

నేను నవ్వేశాను. మా ఆయన నవ్వలేదు. నాకూ లోపల నవ్వేం రాలేదు. తర్వాత చాయ్ ఇస్తూ అన్ననే అడిగాను, ఎట్ల పెడ్తరన్నా గొంతు అని. "నేను పెట్టను చెల్లె. మనిషి మాట నిజంగ పట్టుకుంటే గొంతు దాని ఎంబడి వస్తది" అన్నారు, చక్కెర గీక్కుంటూ.

ఇలా ఉండగా మా ఇంట్లోకి ఒక పరదేశి దిగాడు. మనిషి కాదు, టీవీలో. సముద్రాల అవతల పెద్ద దేశానికి అధ్యక్షుడు. తన దేశంతో ఏళ్లుగా కలిసి నడిచిన చిన్న దేశాలను పిలిచి మరీ బెదిరిస్తున్నాడు. సుంకాలు వేస్తానంటాడు. రక్షణకు కూలి ఇవ్వమంటాడు. ఒక మిత్రదేశం భూమి తనకు కావాలి, ఇస్తారా గుంజుకోనా అంటాడు. మా ఆయనకు ఆ మనిషి తెగ నచ్చాడు. అన్నకు నచ్చలేదు. ఎక్కడివాడో, మన ఊరు ఎటుందో కూడా తెలియనివాడు, చిక్కడపల్లిలో మా ముందుగదిలో చిచ్చు పెట్టాడు.

"చూడుండ్రి, సాఫ్ సీదా మాట. ఇన్నేండ్లు ఆయన ఫౌజు నీడల కూసొని నిమ్మలంగ తిన్నరు వాళ్లు. ఇయ్యాల మీ వాటా ఏదని అడిగిండు. తప్పేంది? దేశం నడిపేటోడు గట్లనే గట్టిగ ఉండాలె" అన్నారు మా ఆయన.

"అడుగుడు తప్పని నేనన్ననా బావా? ఇంటికి పిలిచి పదిమంది ముంగట ఇజ్జత్ తీసుడు తప్పు. ఆ దొర దుష్మన్లతోని గట్ల మాట్లాడుతున్నడా? వాళ్లతోని నవ్వుకుంట చేతులు కలుపుతున్నడు."

"దుష్మన్‌తోని హుషారుగ ఉండాలె."

"మరి దోస్తుతోని?"

"మన మీద గూడ సుంకం ఏసిండు కదా" అని శంకరయ్య గారు మధ్యలో గొణిగారు.

"అది బేరం శంకరయ్యగారూ. బేరంల అట్లనే ఉంటది" అని మా ఆయన కొట్టిపారేశారు.

అన్న ఊరుకోలేదు. "మనం పాతది నిలబెడ్తమనే కదా ఓటేస్తున్నం. పాతదాంట్ల అన్నిటికంటె పాతది ఏంది బావా? పిలిస్తే పలికేటోడు. గది పోయినంక గుడి ఉంటే ఏంది, జెండా ఉంటే ఏంది?"

"నువ్వు అవతలి పార్టీల కలిసినట్టున్నవ్" అన్నారు మా ఆయన.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్న చాలాసేపు తువ్వాలు మడతలు సరిచేసుకుంటూ కూర్చున్నారు. "నేను కూసున్న కాడనే ఉన్న బావా. మీరే జర జరిగిన్రు" అన్నారు చివరికి.

నాకు టీవీలో ఎవరు ఎవరిని తిట్టుకున్నా ఒకటే. నా భయం వేరు. మా ఆయన కోపిష్టి. ఆఫీసులో ఉన్నన్నాళ్లూ అందరితో పేచీలే, అన్నదమ్ములతో మాటల్లేవు. ఇన్నేళ్లలో ఆయన కోపాన్ని భరించి మర్నాడు మళ్లీ గేటు దగ్గర "బావా" అని పిలిచిన మనిషి అన్న ఒక్కరే. ఆ ఒక్క స్నేహం తెగితే ఈ మనిషి ఏమైపోతాడా అని నాకు బెంగ. ఆ బెంగతో వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని. ఎవరికీ అర్థం కాలేదు.

ఒకరోజు అన్న పిలిచారు, నేను పలికాను, గడియ చప్పుడైంది. మా ఆయన టీవీ వైపే చూస్తూ కూర్చున్నారు. కుర్చీ జరపలేదు. అన్న వచ్చి ఆ కుర్చీ పక్కన నిలబడ్డారు. తనంతట తాను జరుపుకోలేదు. నేనే చెయ్యి తుడుచుకుంటూ వచ్చి జరిపాను. కూర్చున్నారు కానీ, ఆ రోజు చక్కెర గురించి సణగలేదు.

తర్వాత కొన్నాళ్లకు అన్నకు రెండు కళ్లకూ శుక్లాలు తీశారు. మళ్లీ రావడం మొదలుపెట్టేసరికి మొహం మీద కళ్లద్దాలు లేవు. ఇక అవసరం లేదన్నారట డాక్టరు. ఆ నల్ల ఫ్రేము లేకపోతే మొహం ఎవరిదోలా ఉంది. పైగా దగ్గు పట్టుకుని గొంతు పూర్తిగా బొంగురుపోయింది. గేటు దగ్గర పిలిస్తే నేనే ఒక్క క్షణం గుర్తుపట్టలేదు.

ఆ సాయంత్రం అన్న ఏ ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెట్టారు. ఆ అధ్యక్షుడి తరఫున మాట్లాడారు. ఉమ్మడి ఇంటి బరువంతా ఒక్కడే మోస్తున్న పెద్దకొడుకు సంగతి చెప్పారు. తమ్ముళ్లు కూర్చుని తింటూ, వెనక నుంచి వాడినే మోటువాడని నవ్వుతుంటే ఎలా ఉంటుందో చెప్పారు. ఒకనాడు వాడు పళ్లెం తోసేసి లేస్తే అది అహంకారం కాదు, అలసట అన్నారు. గట్టిగా అడగకపోతే ఎవడూ తన వాటా తీయడు అన్నారు. మా ఆయన ఇన్ని నెలలుగా అరిచి చెప్పలేనిది అన్న ఆ బొంగురు గొంతుతో నెమ్మదిగా చెప్పేశారు. మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. శంకరయ్య గారు తల ఊపుతూనే ఉన్నారు.

అంతలో దగ్గు తెర వచ్చింది. అన్న ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, రెండో చెయ్యి ముందుకు చాపారు, ఆగండి ఇంకా ఉంది అన్నట్టు. నేను నీళ్లు తెచ్చాను. దగ్గు ఆగలేదు. శంకరయ్య గారు ఆటో పిలిచి ఇంట్లో దింపి వచ్చారు.

"ఒప్పుకున్నడు చూసినవా?" అన్నారు మా ఆయన, మొహం వెలిగిపోతూ.

"అన్న చెప్పింది మీ మాట. పూర్వపక్షం. తన మాట ఇంక చెప్పలే."

"కండ్లద్దాలు తీసిండా? తియ్యలే. గొంతు మారిందా? మారలే. అది ఆయన సొంత మాట."

"తీసుటానికి అద్దాలే లేవు కదా మొహం మీద. గొంతేమో దగ్గుకు పాయె."

"నీకు తెల్వది ఊకో" అన్నారు. నారాయణగూడ నుంచి మిఠాయి తెచ్చి శంకరయ్య గారి ఇంట్లో ఇచ్చారు. కూరగాయల దగ్గర కనబడ్డవాళ్లందరికీ, మా బావ చివరికి నా దారికొచ్చిండు అని చెప్పుకున్నారు. ఇన్నేళ్లు ఆ నియమంలో కూర్చున్న మనిషి, పూర్వపక్షాన్నే సిద్ధాంతం అనుకున్నాడంటే ఏమనాలి? అనుకోవాలని ఉంది, అనుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, ఎప్పుడూ రాని వేళలో, గేటు దగ్గర "బావా" అని వినబడింది. మా ఆయన కాచిగూడ స్టేషన్‌కు రిజర్వేషన్ పని మీద వెళ్లారు. నేను పలికాను. అన్న లోపలికొచ్చి కుర్చీలో కూర్చోలేదు. వంటింటి గడపలో నిలబడ్డారు. మొహం పాలిపోయి ఉంది.

"చెల్లె, నేను గేటు కాడ పిలుస్త కదా. ఎందుకో ఎన్నడన్న అడిగినవా?" అన్నారు.

"చాదస్తమనుకున్న" అన్నాను. నవ్వారు.

అప్పుడు చెప్పారు. వాళ్ల తాతల ఊళ్లో ఒక దొర ఉండేవాడు. బయటి శత్రువుల జోలికి పోయేవాడు కాదు, వాళ్ల చేతుల్లో కర్రలుంటాయి. తన పక్కన నిలబడేవాళ్లనే పీడించేవాడు. బావ చేను గట్టు ఏటేటా లోపలికి జరిపేవాడు. పెళ్లిపందిట్లో తమ్ముడి చెప్పులు విసిరేసి నవ్వేవాడు. వాళ్లెక్కడికి పోతరు, నావాళ్లే కదా అనేవాడు. ఒక ఎండాకాలం నడిమధ్యాహ్నం దొర ఇంటికి నిప్పంటుకుంది. ఊరంతా ఇళ్లలోనే ఉంది. తలుపులు దగ్గరికేసుకుని ఉన్నారు. ఆ దొర లోపలి నుంచి ఒక్కొక్కరినీ వరసపెట్టి పిలిచాడట. అప్పటిదాకా ఎవరినీ వరసపెట్టి పిలవని మనిషి.

"ఎట్ల పిలిచిండో తెలుసా?" అన్నారు అన్న. ఆయన బొంగురు గొంతు అక్కడితో ఆగిపోయింది. మరో గొంతు వచ్చింది. నేను ఎన్నడూ వినని గొంతు, లావుగా, ఎండిపోయి. "బావా... తమ్మీ... మామా... జర రాండ్రి." కూర తరుగుతున్న కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. బయట మా వీధిలో కూడా మధ్యాహ్నమే. ఎక్కడా అలికిడి లేదు.

"ఎవ్వరు లేవలే చెల్లె. మా తాత గూడ లేవలే. తాతకు ఆయన బావమరిది. బావా అని పిలిచింది తాతనే." అన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "ముసలితనంల మా తాత, మధ్యాన్నం పూట అరుగు మీద కూసొని, ఆ గొంతుతోనే పిలుస్తుండె. అదే వరస, అదే గొంతు. ఇంట్ల ఎవరన్న ఆఁ అంటెనే ఊకుంటుండె. చిన్నప్పుడు ఆఁ అనుడు నా పని. నాకు ఈ గొంతులు ఆడికెంచే అంటినయేమో."

"బావకు చెప్పమంటరా?" అన్నాను.

"వద్దు. పూర్వపక్షం చెప్పినోడే సిద్ధాంతం చెప్పాలె. నేనే చెప్త. మా ఇంట్ల ఆమెకు తప్ప ఇది ఎవ్వరికి తెల్వది" అని గేటు దాకా వెళ్లి మళ్లీ తిరిగి చూశారు. "ఊరంతటిని తనవైపు తిప్పుకున్నడు, దొర గట్టోడు అనే అందరన్నరు చెల్లె. ఆ మధ్యాన్నం దాకా."

సాయంత్రం మా ఆయన వచ్చాక, "అన్న వచ్చిండు. చెప్పేదేదో మిగిలిందట, ఒకసారి పోయి రాండ్రి" అన్నాను. చేత్తో ఆపేశారు. "నాకు తెలుసు గాని, అన్నం పెట్టు" అన్నారు.

రెండుమూడు రోజులకే అన్న మంచం పట్టారు. ఫోన్ చేశారు. చెవుడు కాబట్టి మా ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది. గదిలో అందరికీ వినబడుతుంది.

"బావా, ఒక్కసారి రా. చెప్పేది మిగిలింది."

"నువ్వు చెప్పింది చాలు బావా. గంత మంచిగ ఎవ్వరు చెప్పలే. జర పానం మంచిగ చేసుకో. నేనొస్త తియ్యి."

లైను తెగలేదని నాకు తెలుస్తోంది, ఊపిరి వినబడుతోంది. తర్వాత మెల్లగా, "బావా" అన్నారు. గేటు దగ్గర పిలిచినట్టే. మా ఆయన ఎర్ర బొత్తాం నొక్కేశారు.

"పలకలే మీరు" అన్నాను.

"నేనొస్త అన్న కదా, రేపు పోత."

మర్నాడు వాన అన్నారు. ఆ మర్నాడు మోకాలు అన్నారు. ఎందుకు పోలేదో నాకు తెలుసు. పోతే సిద్ధాంతం వినాలి. చేతికొచ్చిన గెలుపు పోతుంది. ఇంకో పొద్దున వదిన ఫోన్ చేసింది. ఏడవలేదు. "మీ అన్న పొద్దటి దాకా గుమ్మం దిక్కే చూసిండు" అంది.

శ్మశానం దగ్గర కూడా మా ఆయన ఎవరితోనో, చివరికి నా మాటకే వచ్చిండు అంటున్నారని శంకరయ్య గారు చెప్పారు. అన్నం పెడుతూ నేను మా ఆయన మొహం చూడలేదు. ఆయనా నా మొహం చూడలేదు. కిటికీ పక్క కుర్చీ గోడకు ఆనుకునే ఉంది. గాలి వస్తే కిటికీ రెక్క దానికి తగిలి చప్పుడయ్యేది. మా ఆయన ఆ చప్పుడు వినబడనట్టే కూర్చునేవారు. ఆ చప్పుడు మాత్రం ఆ చెవులకు వినబడుతుందని నాకు తెలుసు.

పెద్దకర్మ అయ్యాక ఒక సాయంత్రం, అన్న వచ్చే వేళకు, మా ముందుగదిలోనే నలుగురినీ పిలిచి ఆయన గురించి మాట్లాడుకుందామన్నారు శంకరయ్య గారు. కాలేజీ వాళ్లు ఇద్దరు, మా వీధివాళ్లు కొందరు వచ్చారు. వదిన నాతో వంటింట్లో కూర్చుంది. అక్కడి నుంచి ముందుగది సగం కనబడుతుంది. ఉన్న కుర్చీలన్నీ నిండిపోయాయి. కిటికీ పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

ఒకరిద్దరు మాట్లాడాక మా ఆయన లేచారు. "చూడుండ్రి, సాఫ్ సీదా మాట. మా బావ చివరికి ఏమన్నడంటే" అని మొదలుపెట్టారు.

శంకరయ్య గారు చెయ్యి అడ్డం పెట్టారు. ఎన్నడూ గొంతెత్తని మనిషి. "ఆయన పద్ధతిల చెప్పున్రి. ముందుగాల అవతలాయన మాట" అన్నారు.

అవతలాయన అంటే ఇప్పుడు అన్నే కదా. మా ఆయన తన కళ్లద్దాలు తీసి, చాయ్ కప్పు పక్కన పెట్టారు. రెండు ముక్కలు చెప్పి "కాని" అంటారని నేను అనుకున్నాను.

గట్టిగా గాలి పీల్చే ఆ అలవాటు వినబడలేదు. మాట నెమ్మదిగా మొదలైంది. బొంగురుగా. వదిన చేతిలో గ్లాసు కింద పెట్టేసింది.

"దొర ఒకడుండె" అన్నది ఆ గొంతు. గట్టు సంగతి చెప్పింది. పెళ్లిపందిట్లో చెప్పుల సంగతి చెప్పింది. నావాళ్లే కదా, ఎక్కడికి పోతరు అన్నమాట చెప్పింది. నడిమధ్యాహ్నం, దగ్గరికేసిన తలుపులు చెప్పింది. వదిన నా మణికట్టు పట్టుకుంది. "ఇది నీకు నాకు తప్ప ఎవ్వరికి తెల్వది" అంది చెవిలో. "నువ్వు చెప్పినవా?"

"లేదు" అన్నాను. నేను చెప్పలేదు. దేవుడి మీద ఒట్టు, చెప్పలేదు.

"ఎవ్వరు లేవలే" అన్నది గొంతు. "పిలిస్తే పలకనోడు గూడ ఆ దొర అసువంటోడే. నేను గూడ పలకలే." ఆ చివరి ముక్క అన్న నాకు చెప్పిన కథలో లేదు. అది ఎవరి మాటో నాకు తెలుసు.

మా ఆయన ఆగారు. కళ్లద్దాలు తీసుకుని పెట్టుకున్నారు. గదిలో అందరూ ఊపిరి వదిలారు. ఇక తన మాట చెప్తారు.

"ఇగ మీ సిద్ధాంతం చెప్పున్రి" అన్నారు శంకరయ్య గారు.

మా ఆయన నోరు తెరిచారు. కళ్లద్దాలు మొహం మీదే ఉన్నాయి. గొంతు మాత్రం మారలేదు.

"బావా" అన్నది, గేటు బయటి నుంచి పిలిచినట్టు.

ఎవరూ పలకలేదు. కాలేజీ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఆయన గుమ్మం వైపు చూస్తూ అలాగే నిలబడ్డారు, పెదవులు బిగుసుకుపోయి. ఇన్నేళ్ల అలవాటు, నేను అనాలనుకుని అనలేదు. నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ఆఁ, రాండ్రన్నా."

బయట గేటు గడియ చప్పుడైంది.

మా ఆయన ముక్కుతో గట్టిగా గాలి పీల్చారు. గోడ దగ్గరికి వెళ్లి, కిటికీ పక్క కుర్చీని కొంచెం ముందుకు జరిపారు.

"రా బావా, కూసో. ఇగ చెప్పు" అన్నారు, తన సొంత గొంతుతో.